పాత జపాన్ బూమ్‌బాక్స్‌లు, వాటి శబ్దం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత జపాన్ బూమ్‌బాక్స్ చేతికి వచ్చినవాళ్లందరూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెట్టాను. 1970ల మధ్య నుంచి 1980ల మధ్య దాకా తయారైన రేడియో క్యాసెట్ రికార్డర్ల గురించే ఇదంతా. సీడీ వచ్చాక తయారైనవాటి సంగతి వేరు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనే ముందు

మా ఇంట్లో ఉన్న నేషనల్ పానాసోనిక్ టూ ఇన్ వన్ కూడా బూమ్‌బాక్సేనా?

అవును. రేడియో, క్యాసెట్ రికార్డర్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండి, పైన పిడి ఉండి, కరెంటుతోనూ సెల్స్‌తోనూ నడిస్తే అది ఈ కోవకు చెందినదే. ఈ తరహా యంత్రాన్ని 1966లో ఫిలిప్స్ తెచ్చింది. జపాన్‌లో ఐవా 1968లో టీపీఆర్-101తో మొదలుపెట్టింది. ఆ వెనకే సోనీ, షార్ప్, శాన్యో, హిటాచీ, తోషిబా, జేవీసీ, మత్సుషితా వచ్చాయి. నేషనల్, పానాసోనిక్ రెండూ మత్సుషితా పేర్లే. గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లు సెలవుకు వస్తూ తెచ్చినవి ఎక్కువగా మధ్యరకం సెట్లు. న్యూయార్క్ కుర్రాళ్లు భుజాన మోసిన భారీ సెట్లు మన ఇళ్లలో అరుదు. అయితే మధ్యరకంలోనూ చక్కగా పాడేవి ఉన్నాయి, కాబట్టి ఇంట్లో ఉన్నదాన్ని చిన్నచూపు చూడకండి.

అన్నిటికంటే మంచి శబ్దం ఏ మోడల్‌ది?

సేకరించేవాళ్లను అడిగితే ఎక్కువమంది 1981లో వచ్చిన జేవీసీ ఆర్‌సీ-ఎం90 పేరు చెబుతారు. రెండు వైపులా 20 సెంటీమీటర్ల వూఫర్లు (బేస్ పలికే పెద్ద స్పీకర్లు), విడిగా ట్వీటర్లు (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు), పది పెద్ద సెల్స్. షార్ప్ జీఎఫ్-777 రెండు డెక్కులు, ఆరు స్పీకర్లతో ఇంకా పెద్దది. గట్టిగా మోగడంలో దాన్ని మించినవి తక్కువ. జేవీసీ ఆర్‌సీ-550 మోనో, అంటే ఒకే చానెల్ ఉన్న యంత్రం. కానీ దానికున్న 25 సెంటీమీటర్ల వూఫర్ ముందు చాలా స్టీరియో సెట్లు వెలవెలబోతాయి.

నన్ను అడిగితే మోడల్ కంటే దాని ఆరోగ్యం ముఖ్యం. టేపును తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయి, టేపు మీది పాటను చదివే హెడ్ మీద మడ్డి పేరుకున్న ఎం90 కంటే సరిగ్గా సర్వీసు చేసిన మామూలు శాన్యో బాగా పాడుతుంది. పేరున్న మోడళ్ల ధరలో సగం ఆ పేరుకే పోతోంది.

అమ్మేవారు "పనిచేస్తోంది" అంటున్నారు. కొట్లో ఏం చూసుకోవాలి?

రేడియో మోగడాన్నే చాలామంది పనిచేయడం అంటారు. మీ క్యాసెట్ ఒకటి వెంట తీసుకెళ్లండి, పాటలో పియానోగానీ వీణగానీ ఉంటే మంచిది. సాగే స్వరాల్లో వేగం తేడా వెంటనే తెలిసిపోతుంది. ముందుకు, వెనక్కు పూర్తిగా తిప్పించండి. వాల్యూమ్ నెమ్మదిగా పెంచుతూ రెండు స్పీకర్లనూ విడివిడిగా వినండి. వెనక మూత తీసి సెల్స్ గదిలో పచ్చటి లేక తెల్లటి బూజులాంటిది ఉందేమో చూడండి. క్యాసెట్ తలుపు తెరిచి హెడ్ మీద గోరు గీసి చూడండి. టేపు వెడల్పున గాడి తగిలితే హెడ్ అరిగిపోయినట్టే, ధర తగ్గించమనాలి. ఏరియల్ విరిగి ఉంటే కంగారు వద్దు, అది సులువుగా దొరుకుతుంది.

అసలు నడవని సెట్టు చౌకగా వస్తోంది. తీసుకోవచ్చా?

మోటారు తిరుగుతూ క్యాసెట్ తిరగకపోతే తప్పు సాధారణంగా బెల్టుదే. నిశ్చింతగా తీసుకోండి. భయపడాల్సినవి వేరు: విరిగిన ప్లాస్టిక్ పళ్లచక్రాలు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్, సెల్స్ కారిన ఆమ్లక్షారాలు సర్క్యూట్ బోర్డు దాకా పాకడం, ఇప్పుడు దొరకని ఆంప్లిఫయర్ ఐసీ (శబ్దాన్ని పెంచే చిప్పు) పోవడం. బయటి మీటలు, గుబ్బలు పోయినా శబ్దానికి నష్టం లేదుగానీ, వాటిని వెతకడానికి ఏళ్లు పట్టవచ్చు.

సెట్టు మీద 1000 వాట్లు అని ఉంది. నిజమేనా?

అది పీఎంపీవో లెక్క. కన్నుమూసి తెరిచేలోగా వచ్చిపోయే శిఖరాన్ని, అది కూడా ఇష్టమొచ్చినట్టు గుణించి వేసే అంకె. 1980ల చివర్లో, 90లలో ఈ జాడ్యం బాగా ముదిరింది. పెద్ద జపాన్ సెట్లు నిలకడగా ఇచ్చేది ఒక్కో చానెల్‌కు సుమారు 5 నుంచి 20 వాట్లు. ఇంటి గదికి అది చాలా ఎక్కువ. వాట్లు రెట్టింపైనా చెవికి తెలిసే పెరుగుదల 3 డెసిబెల్సే. కాబట్టి అంకెలను వదిలేసి వూఫర్ పరిమాణం, పెట్టె లోతు చూడండి.

జపాన్ నుంచే తెప్పించుకుంటే ఇక్కడి ఎఫ్‌ఎం వస్తుందా?

జపాన్ ఎఫ్‌ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకా ఉండేది. మనది 88 నుంచి 108. హైదరాబాద్‌లో వివిధ భారతి 102.8 మీద, రెయిన్‌బో 101.9 మీద వస్తాయి. జపాన్ దేశవాళీ సెట్టు డయల్ 90 దగ్గరే ఆగిపోతే ఆ రెండూ అందవు. ఒక వెసులుబాటు ఉంది. అక్కడ 1, 2, 3 టీవీ చానెళ్లు 90 నుంచి 108 మధ్యే ఉండేవి. వాటి మాటలు వినడానికి కొన్ని సెట్ల డయల్‌ను 108 దాకా పొడిగించారు. ఫొటోలో డయల్ చివర "టీవీ 1-3" అని కనిపిస్తే మన స్టేషన్లు దొరుకుతాయి. మీడియం వేవ్‌తో ఇబ్బంది లేదు. అమెరికా, గల్ఫ్ దేశాలకు ఎగుమతి చేసినవాటిలో ఎఫ్‌ఎం 108 దాకా మామూలుగానే ఉంటుంది.

పాత రూపంలో కొత్తగా వచ్చే సెట్లు కొంటే సరిపోదా?

బ్లూటూత్, యూఎస్‌బీ కోసమైతే కొనండి. క్యాసెట్ కోసమైతే వద్దు. ఇప్పటి చౌక సెట్లలో దాదాపు అన్నిటిలోనూ ఒకే తరహా తేలికపాటి మెకానిజం ఉంటుంది. టేపు వేగాన్ని నిలకడగా ఉంచే చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కు బరువు లేదు, అందుకే వేగం నిలవదు. టేపు బుసను తగ్గించే డాల్బీ ఉండదు. మెటల్ టేపుకు మీట ఉండదు. పాతదాన్ని విప్పితే ఫ్లైవీల్ బరువు చేతికే తెలుస్తుంది.

## ఇంటికి తెచ్చాక

100 వోల్టుల సెట్టును మన ప్లగ్గుకు పెడితే ఏమవుతుంది?

మన కరెంటు 230 వోల్టులు. జపాన్ దేశవాళీ సెట్టును నేరుగా పెడితే అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. 230 నుంచి 100కు దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. 100 వాట్ల సామర్థ్యం చాలు. అక్కడ తూర్పున 50, పడమట 60 హెర్ట్జ్ కరెంటు కాబట్టి చాలా సెట్లు రెండింటికీ సరిపోయేలా చేశారు. లోపలిది డీసీ మోటారు, కాబట్టి హెర్ట్జ్ మారినా పాట వేగం మారదు. ఎగుమతి సెట్లకు వెనక లేక అడుగున వోల్టేజీ మార్చే మీట ఉంటుంది. ప్లగ్ పెట్టకముందే అది 220-240 దగ్గర ఉందో లేదో చూడండి.

ఏళ్ల తరబడి అటక మీద ఉంది. నేరుగా ఆన్ చేయవచ్చా?

చేయకండి. మెకానిక్కులు వాడే సీరీస్ బోర్డు మీద పెట్టి చూడాలి. 60 వాట్ల ఫిలమెంటు బల్బు సీరీస్‌లో ఉంటే లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. బల్బు ఒకసారి మిణుక్కుమని మసకబారితే మంచి సూచన. కరెంటు పనులు అలవాటు లేకపోతే మెకానిక్కు చేతే చేయించండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు విలువైన క్యాసెట్ లోపల పెట్టవద్దు.

సెల్స్ కారిపోయి లోపల అంతా పాడైంది. ఎలా శుభ్రం చేయాలి?

ఆల్కలైన్ సెల్స్ కారిన మరకకు దూదిపుల్లతో వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కొద్దిగా రాయండి. పొంగు ఆగాక నీటి తడితో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆరబెట్టండి. స్ప్రింగులు తుప్పు తినేస్తే మార్చడమే. ఆ బూజు తీగ లోపలి నుంచి పాకుతూ బోర్డు దాకా వెళుతుంది, అందుకే ఎర్ర, నల్ల వైర్ల చివరలు కూడా చూడండి.

పది పెద్ద సెల్స్ ఖరీదు భరించలేను. వేరే దారి?

పది సెల్స్ అంటే 15 వోల్టులు, ఎనిమిదైతే 12. ఎనిమిది సెల్స్ సెట్టు బయటి సాకెట్టుకు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ సరిపోతుంది. సాకెట్టులో ప్లస్ లోపలా బయటా అన్నది ముందే చూడండి. పాత జపాన్ సెట్లలో చాలావాటికి మైనస్ మధ్యలో ఉంటుంది. చౌక ఎలిమినేటర్ (సెల్స్ బదులు వాడే అడాప్టర్) పెడితే స్పీకర్లో గీ అనే మోత వస్తుంది.

## శబ్దం గురించి

బ్లూటూత్ స్పీకర్ కంటే నిజంగా బాగుంటుందా, లేక పాత జ్ఞాపకాల ప్రభావమా?

రెండూ ఉన్నాయి. జ్ఞాపకాన్ని పక్కన పెట్టి శబ్దాన్ని మాత్రమే చూద్దాం.

అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ లోపలి చిన్న కోన్‌తో అడుగు బేస్ పలికించడానికి కంప్యూటర్ చిప్పు సాయం తీసుకుంటుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ ఆ చిప్పే బేస్‌ను కోసేస్తుంది. పాత సెట్టులో ఆ తంత్రమేమీ లేదు. 16 లేక 20 సెంటీమీటర్ల కాగితపు కోన్, వెనక లీటర్ల కొద్దీ గాలి, అంతే. అందుకే మృదంగం, తబలా, మగవారి గొంతు తొణకకుండా వస్తాయి. రెండు స్పీకర్ల మధ్య అర మీటరుకు పైగా దూరం ఉన్న సెట్టు ముందు కూర్చుంటే స్టీరియో అంటే ఏమిటో చెవికే తెలుస్తుంది. చిన్న బ్లూటూత్ పెట్టెకు అంత వెడల్పే లేదు.

ఓడిపోయే చోట్లూ ఉన్నాయి. ఛాతీకి తగిలే లోతైన బేస్ పాత సెట్టులో లేదు, వాల్యూమ్ పూర్తిగా పెంచితే పెట్టె గోడలు కూడా మోగుతాయి. క్యాసెట్ అయితే పై స్వరాలు సుమారు 12,000 హెర్ట్జ్ దగ్గరే పలచబడతాయి. ఇప్పటి పాటల్లోని ఎలక్ట్రానిక్ బేస్‌కు పాత సెట్టు తగదు. 1950లు, 60ల సినిమా పాటలకు మాత్రం దీనికి సాటి లేదనిపిస్తుంది. ఆ రికార్డింగులో అసలు సరుకంతా మధ్య స్వరాల్లోనే ఉంది, ఈ పెట్టె దిట్ట కూడా అక్కడే. ఘంటసాల పద్యం ఒకటి దీనిలో, మరొకటి చిన్న బ్లూటూత్‌లో విని మీరే తేల్చుకోండి.

పాట మొద్దుగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది. ఎందుకు?

ముందు హెడ్ తుడవండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది గోధుమరంగుకు తిరిగితే సగం రోగం అదే. తుడిచాక కూడా మొద్దుగానే ఉంటే హెడ్ కోణం తప్పింది, దీన్నే అజిమత్ అంటారు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. 10,000 హెర్ట్జ్ స్వరం దాని మీద పట్టే చోటు 5 మైక్రాన్ల లోపే, తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. హెడ్ చీలిక టేపుకు కచ్చితంగా నిలువుగా లేకపోతే అంత సన్నని గీతలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

హెడ్‌కు రెండు వైపులా స్క్రూలుంటాయి, స్ప్రింగు ఉన్నదాన్నే తిప్పాలి. ప్లే నొక్కినప్పుడు దాని తల కనిపించేలా చాలా సెట్లలో చిన్న రంధ్రం ఉంటుంది. మోనో మీట ఉంటే మోనోలో పెట్టండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది. పాట నడుస్తుండగా చాలా కొద్దిగా, కూసంత అటూ ఇటూ తిప్పండి. ఒక చోట తాళాల చప్పుడు, "స", "శ" అక్షరాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అక్కడే ఆపి, ఒక చుక్క గోళ్ల రంగుతో స్క్రూను బిగించండి. పక్కింటి సెట్టులో రికార్డు చేసిన క్యాసెట్‌కు వేరే కోణం అవసరం కావచ్చు, కాబట్టి కంపెనీ క్యాసెట్‌తో సరిచేయడం మంచిది.

పాట ఊగుతోంది, ఒక్కోసారి గొంతు బరువెక్కుతోంది. ఇది టేపు తప్పా, సెట్టు తప్పా?

వేరే రెండు క్యాసెట్లు వేసి చూడండి. అన్నిటిలోనూ అలాగే ఉంటే సెట్టుదే. బెల్టు సాగితే వేగం తగ్గి గొంతు బరువెక్కుతుంది. రబ్బరు రోలర్ ఒకచోట చదునైతే క్రమం తప్పకుండా ఊగుతుంది. ఎండిన గ్రీజు వల్ల కూడా ఇలా జరుగుతుంది. బెల్టు కొత్తదైనా వేగం తప్పుగా ఉంటే మోటారు వెనక చిన్న రంధ్రంలో ఉన్న ప్రీసెట్‌ను (వేగం మార్చే చిన్న మరను) సన్నని స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేయవచ్చు. ఫోనులోని అదే పాటను పక్కన పెట్టి శ్రుతి కలపడం ఇంటి పద్ధతి.

బుసబుసమనే చప్పుడు పోవడం లేదు. డాల్బీ మీట వేస్తే శబ్దం చచ్చిపోతోంది.

ఆ బుస క్యాసెట్ స్వభావం. డాల్బీ బి దాన్ని పై స్వరాల్లో సుమారు 10 డెసిబెల్స్ తగ్గిస్తుంది, కానీ రికార్డు చేసేటప్పుడు కూడా డాల్బీ వేసి ఉండాలి. వేయని క్యాసెట్‌కు మీట వేస్తే బుసతోపాటు పాటలోని మెరుపూ పోతుంది. రికార్డింగ్ సెంటర్లో పాటల జాబితా ఇచ్చి నింపించుకున్న క్యాసెట్లలో డాల్బీ ఉండటం అరుదు. జేవీసీ సెట్లలో కనిపించే ఏఎన్‌ఆర్‌ఎస్ కూడా డాల్బీ బి లాగే పనిచేస్తుంది, రెండింటి క్యాసెట్లు ఒకదానిలో మరొకటి వేసుకోవచ్చు.

ఒక స్పీకర్ రావడం లేదు. తట్టితే వస్తోంది.

స్పీకర్ను నిందించకండి. బోర్డు మీద పొడవాటి రికార్డ్ స్విచ్చు ఒకటి ఉంటుంది. పాటైనా రికార్డింగైనా దాని పదుల కొద్దీ కాంటాక్టుల గుండానే పోతుంది. అవి నల్లబడితే ఒక వైపు పోవడం, గరగర, ఈలలాంటి కూత అన్నీ వస్తాయి. కరెంటు తీసేసి, పనికిరాని క్యాసెట్ పెట్టి, రికార్డ్ మీటను ఇరవై ముప్పై సార్లు నొక్కి వదలండి. చాలాసార్లు దీంతోనే ప్రాణం లేచి వస్తుంది. లేకపోతే విప్పి ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగరకూ అదే మందు. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు.

స్టీరియో వైడ్, లౌడ్‌నెస్ వేసి ఉంచాలా?

వైడ్ మీట ఒక వైపు శబ్దంలో కొంత భాగాన్ని తిరగేసి రెండో వైపు కలుపుతుంది. గది నిండినట్టు ఉంటుందిగానీ మధ్యలో ఉండాల్సిన గాయకుడు వెనక్కు పోతాడు. వాద్యసంగీతానికి సరదాగా ఉంటుంది, పాటకు వద్దు. లౌడ్‌నెస్ రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో వినడానికి. చిన్న శబ్దంలో మన చెవికి బేస్ సరిగ్గా అందదు కాబట్టి దాన్ని కలుపుతుంది. వాల్యూమ్ పెంచాక తీసేయండి.

నార్మల్, క్రోమ్, మెటల్ మీటలో ఏది?

ఇవి టేపు రకాల పేర్లు. మామూలు క్యాసెట్లకు నార్మల్. క్రోమ్‌లో పెడితే పై స్వరాలు తగ్గుతాయి, అంతే, ఏదీ పాడవదు.

రేడియోలో గురగుర ఎక్కువ. సెట్టు చెడిందా?

మీడియం వేవ్‌లో అయితే ముందు ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు ఆపి చూడండి. ఇప్పటి ఇళ్లలో దొంగ అక్కడే ఉన్నాడు. మీడియం వేవ్ ఏరియల్ పెట్టె లోపల కడ్డీ రూపంలో ఉంటుంది కాబట్టి సెట్టునే తిప్పాలి, బయటి గొట్టం లాగితే లాభం లేదు. ఎఫ్‌ఎం స్టీరియోలో బుస ఉంటే మోనోకు మార్చండి.

## విప్పి బాగుచేయడం

బెల్టు ఎక్కడ దొరుకుతుంది? కొలత ఎలా?

పాత బెల్టు కొన్నిసార్లు కరిగి తారులా పుల్లీకి అంటుకుని ఉంటుంది. ఆ నల్లటి జిగురు వేలికి తగిలితే సబ్బుతో పోదు, గ్లవ్స్ వేసుకుని ఆల్కహాల్‌తో ఓపికగా తీయండి. బెల్టు పోయిన దారిలో దారం చుట్టి చుట్టుకొలత తీసుకోండి. అందులో సుమారు 5 శాతం తగ్గించి అదే మందమున్న చదరపు బెల్టు అడగండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో వెతకవచ్చు. రబ్బరు బ్యాండుతో నెట్టుకురావద్దు, పాట ఉయ్యాలలూగుతుంది.

కండెన్సర్లన్నీ మార్చేయమని ఒకరు, ముట్టుకోవద్దని ఒకరు అంటున్నారు.

అన్నీ ఒకేసారి మార్చడం నాకు నచ్చదు. అలనాటి జపాన్ కండెన్సర్లు గట్టివి, పాత బోర్డు మీద వందసార్లు టంకం కాల్చితే రాగి గీతలే లేచిపోతాయి. ఉబ్బినవి, కారినవి మార్చండి. బేస్ పలచబడితే స్పీకర్‌కు వెళ్లే దారిలోని పెద్ద కండెన్సర్ అనుమానించదగినది. అది ఎండిపోతే ముందు పోయేది అడుగు స్వరాలే. గీ అనే మోత ఉంటే పవర్ సప్లైలోని పెద్దది చూడండి.

కొత్త స్పీకర్లు వేస్తే శబ్దం పెరుగుతుందా?

పాత కోన్ చిరగకపోతే మార్చకండి. ఆ పెట్టె, ఆ కోన్, ఆ ఆంప్లిఫయర్ ఒకదానికొకటి చూసుకుని చేసినవి. తప్పదనుకుంటే ఓమ్స్ అంకె సరిపోవాలి. 8 ఓమ్స్ చోట 4 ఓమ్స్‌ది వేస్తే ఐసీ వేడెక్కి పోతుంది.

## రోజువారీ వాడకం

ఫోను ఎలా కలపాలి?

వెనక లైన్ ఇన్ సాకెట్లు ఉంటే ఒక వైరు చాలు. ఫోను వాల్యూమ్ ముప్పాతిక దాకా పెంచి, మిగతాది సెట్టులో పెంచండి. ఫోనో అని రాసిన సాకెట్టు గ్రామఫోన్ ప్లేయర్ కోసం, దానిలో పెడితే శబ్దం పగిలిపోతుంది. బ్లూటూత్ రిసీవర్ వాడితే దానికి వేరే చార్జర్ లేక పవర్ బ్యాంకు పెట్టండి, సెట్టు కరెంటులోంచే తీసుకుంటే కీచుమని చప్పుడు కలుస్తుంది.

ఎలాంటి క్యాసెట్లు వాడాలి?

60, 90 నిమిషాలవి వాడండి. 120 నిమిషాల టేపు బాగా పలచన, రోలర్‌కు చుట్టుకుపోతుంది. చాలాకాలం దాచిన క్యాసెట్‌ను వినేముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కు తేండి. లోపల తెల్లటి బూజు కనిపిస్తే సెట్టులో పెట్టనే వద్దు, అది హెడ్‌కు, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకు అంటుకుంటుంది.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి?

రోజూ వింటే నెలకోసారి హెడ్, దాని పక్కన తిరిగే సన్నని ఇరుసు, రబ్బరు రోలర్ తుడవండి. అసలు వినకపోయినా నెలకోసారి కాసేపు నడపండి, ఒకే భంగిమలో ఉండిపోతే బెల్టు మడతపడుతుంది. పక్కన పెట్టేసేటప్పుడు ప్లే మీట నొక్కి వదిలేయవద్దు, సెల్స్ తీసేయండి.